పుస్తకం వీపు మీద పేరు

పుస్తకాన్ని బీరువాలో నిలబెట్టినప్పుడు మనవైపు కనిపించే సన్నటి పక్క ఉంటుంది. మా కోడలు దాన్ని స్పైన్ అంటుంది, నేను వీపు అంటాను. నా పుస్తకం వీపు మీద నా పేరు ఉండాలని నేను ముచ్చటపడడంతోనే ఈ గొడవంతా మొదలైంది.

కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి నేను వచ్చిన రెండో ఏడు అది, రెండువేల పన్నెండు. పొద్దున్నే అబ్బాయి పక్క ఊరు డబ్లిన్‌లో స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కేవాడు. మనవరాలు బడికి పోయేది. కోడలు మేడ మీద గదిలో తలుపేసుకుని ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూ ఉండేది. గిన్నెలకు మిషను, బట్టలకు మిషను. నాకేమో చేతులు ఊరుకోవు. నేను చదివింది అయిదో తరగతే. కానీ ఎవరింటి పెళ్ళిలో ఏ కూర వండారో, ఆ రోజు ఎవరు అలిగి భోజనానికి లేవలేదో ఈనాటికీ చెప్పగలను. భోజనాల దగ్గర అవన్నీ చెబుతుంటే విని విని, మా కోడలు ఒకరోజు మూడు రూళ్ళ పుస్తకాలు, పెన్నుల కట్టా తెచ్చి నా ముందు పెట్టింది.

"రాయండి అత్తమ్మా. మీరు రాస్తే నేను టైప్ చేస్త. బుక్ వేద్దాం," అంది. వాళ్ళది వరంగల్ వైపు. మాటలో ఆ తీపి ఇప్పటికీ పోలేదు.

పుస్తకమంటే నాకు తెలిసింది మా వీధి మాస్టారే. ఆయన వెయ్యి కాపీలు వేయించుకుని మంచం కింద పెట్టుకుంటే, ఊళ్ళోవాళ్ళకంటే ముందు చెదలు చదివేశాయి. ఇక్కడ అలా కాదట. మన ఫైలు వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది. ఎవరైనా ఒకటి కొంటే అప్పుడే ఒకటి అచ్చువేసి వాళ్ళ గుమ్మంలోకి పంపుతారు. ఎవరూ అడక్కపోతే అచ్చే వెయ్యరు. అడిగినవాళ్ళకు అప్పటికప్పుడు పెనం మీద అట్టు పోసిచ్చినట్టన్నమాట. కాగితం లేకుండా ఫోనులో చదువుకునే ఈబుక్ కూడా పెడదామంది. అందులో మన అక్షరాలు గళ్ళుగళ్ళుగా పడితే, పాపం ఒక్కో పేజీనీ ఫోటోలా మార్చి ఎక్కించింది.

శాన్ రామన్ లైబ్రరీలో ఒక అరలో తెలుగు పుస్తకాలుండేవి. సగానికి పైగా పల్చటివి, వీపు మీద ఏమీ లేనివి. ఒక్కోదాన్నీ బయటికి లాగి, అట్ట చూసి, మళ్ళీ దూర్చాలి. పెళ్ళిపందిట్లో ఎవరూ పలకరించని చుట్టాల్లా నిలబడి ఉండేవి. నా పుస్తకం అలా ఉండకూడదనుకున్నాను. లాగకుండానే పేరు కనిపించాలి. అదే మా కోడలికి చెప్పాను.

"దానికి రూల్ ఉందత్తమ్మా. నూటముప్పై పేజీలు దాటితేనే స్పైన్ మీద పేరు వేస్తరట. తక్కువైతే ఖాళీగ వదిలేస్తరు. మనది నూటముప్పై నాలుగు. ఫికరొద్దు."

ఆ మాట అన్న వారానికి నేనే వెళ్ళి ఒక కథ తీసెయ్యమన్నాను. ఎనిమిది పేజీలది. ఎందుకని అడిగితే బాగా లేదన్నాను. అది తీస్తే పేరు రాదత్తమ్మా అంది. రాకపోతే పోనీ అన్నాను గానీ, నా ముఖం ఎలా పెట్టానో అది చూసింది.

ఆ కథ సంగతి చెప్పాలి. నాకు పదమూడేళ్ళు, మా చెల్లికి తొమ్మిది. నాన్న జ్వరంతో వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. అమ్మ వైద్యుణ్ణి పిలుచుకు రావడానికి పక్క ఊరు వెళ్ళింది. నేను వంటింట్లో జావ కాస్తూ, చెల్లిని మంచం పక్కన పీట మీద కూర్చోబెట్టి, నాన్న నోరు తెరిచినప్పుడల్లా చెంచాతో నీళ్ళు పొయ్యమని చెప్పాను. జావ తీసుకుని వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. గ్లాసు ఇంచుమించు నిండుగానే ఉంది. నాన్నలో ఊపిరి లేదు. చెల్లి ఎదురింటి అరుగు మీద, రేడియో చుట్టూ చేరిన పిల్లల్లో ఉంది. వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. అమ్మ వీధి మలుపు తిరుగుతుండగా, సగం గ్లాసు నీళ్ళు పెరట్లో పారబోసి, చెంచా దాని ఎడమచేతిలో పెట్టాను. దానిది ఎడమచేతి వాటం. "నువ్వే పోశావు. ఎవరికీ చెప్పను," అన్నాను.

అమ్మ బతికినన్నాళ్ళూ ఊరందరికీ అదే చెప్పుకుంది. చిన్నది నాన్న నోట్లో చివరి గుక్క పోసింది, దాని చేయి చల్లనిది అని. ఆ పేరు అత్తవారింటికి కూడా వెళ్ళింది. ఎవరికి చివరి ఘడియ వచ్చినా తులసినీళ్ళు పొయ్యడానికి మా చెల్లినే పిలిచేవాళ్ళు. ఎడమచేత్తో పోస్తే తప్పని ఎవరూ అనలేదు. వాళ్ళత్తగారు పోయే ముందు, కన్నకూతుళ్ళుండగా ఈమె చేతి నీళ్ళే కావాలని అడిగింది.

నోట్‌బుక్కులో ఆ రోజు రాస్తుంటే చెయ్యి ఆగలేదు. పేర్లు పెట్టలేదు. ఒక ఇల్లు, అక్కాచెల్లెళ్ళు ఇద్దరు అని రాశాను. మా కోడలికి అది మా ఇల్లని తెలియదు. కానీ మా చెల్లికి తెలుస్తుంది. ఎడమచెయ్యి చూస్తే దాని పిల్లలకూ తెలుస్తుంది. అందుకే తీసెయ్యమన్నాను. కారణం చెప్పలేదు. కారణం చెప్పడమంటే మాట తప్పడమే కదా.

దసరాల్లో మూలా నక్షత్రం నాడు శనివారం పడింది. వంటింటి పక్క అల్మారాలో దేవుణ్ణి పెట్టుకున్నాం. సరస్వతీదేవి పటం ముందు అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ పెట్టాడు, మనవరాలు లెక్కల పుస్తకం పెట్టింది. మా కోడలు చిన్న అట్టపెట్టె తెచ్చి, నన్ను కళ్ళు మూసుకోమని, అందులోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. నా పుస్తకమే. ముందురోజు పగలే వచ్చిందట, చెప్పకుండా దాచింది. కళ్ళజోడు పూజకని తీసి పెట్టాను, అట్ట కూడా సరిగ్గా చూళ్ళేదు. నాలుగు మూలలా పసుపు రాశాను. నున్నటి అట్ట మీద పసుపు పట్టక జారిపోతోంది. తడివేలితో మళ్ళీ రాసి, కుంకుమ పెట్టి, పటం ముందు పెట్టి మంత్రం చదివాను.

హారతి ఇవ్వడానికి కళ్ళజోడు పెట్టుకున్నాను. పుస్తకం వీపు నావైపు ఉంది. దాని మీద నా పేరు ఉంది.

హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. కర్పూరం అయిపోయింది.

"అమ్మాయ్, దీని వీపు మీద నా పేరెలా వచ్చింది?"

దాని ముఖం వెలిగింది. "సర్‌ప్రైజ్ అత్తమ్మా. లైబ్రరీల ఆ పల్చటి బుక్స్ చూసి మీరు ఎట్ల ఫీలయితరో నాకు తెల్వదా? ఆ నీళ్ళగ్లాస్ స్టోరీ మళ్ళ పెట్టేసిన. అన్నిట్ల అదే మంచిగుంది. మీరు మొహమాటానికి తీసేయమన్నరనుకున్న."

"ఇది ప్రూఫే కదా. మనం చూసుకుని సరేనంటేనే కదా అమ్మకానికి పెట్టేది?"

"స్క్రీన్ మీద చూసి నేనే అప్రూవ్ కొట్టేసిన. లేకపోతే పండక్కి కమ్మింగ్‌కి అందదు."

"కమ్మింగ్‌కా?"

"చిన్నత్తమ్మకి ఒక కాపీ ఆర్డర్ చేసిన. గిఫ్ట్. ఆల్రెడీ షిప్ అయింది."

మా చెల్లి అప్పటికి జార్జియాలో, కమ్మింగ్‌లో వాళ్ళబ్బాయి ఇంట్లో ఉంది. మా ఇద్దరి బతుకులూ పిల్లలతోపాటే ఈ దేశానికి వచ్చాయి, కాకపోతే ఆ కొసన ఒకటి ఈ కొసన ఒకటి.

"ఆపు," అన్నాను.

"ఏమైందత్తమ్మా? తప్పు చేసిన్నా?"

"తప్పు నీది కాదు. ఆపు, అంతే."

అది పరుగున మేడ మీదికి వెళ్ళి తన ఆఫీసు కంప్యూటర్ తెరిచింది. ఈబుక్ అమ్మకం ఆపేసింది, అయిదు నిమిషాల పని. కాగితం పుస్తకాన్ని కూడా కొత్తగా ఎవరూ కొనకుండా ఆపింది. దారిలో ఉన్న ఆ ఒక్క కాపీని మాత్రం ఆపడానికి లేదట. అచ్చయింది అచ్చయిందే. లారీ ఎక్కింది ఎక్కిందే.

పుస్తకం ఒక్కసారి తెరిచి, అచ్చులో ఆ కథ ఎలా ఉందో చూడాలని నా ప్రాణం కొట్టుకుంది. పూజలో పెట్టిన పుస్తకాన్ని ఉద్వాసన చెప్పేదాకా తియ్యకూడదు. ఉద్వాసన బుధవారం, దశమి నాడు.

"ఒకసారి తీసి చూసి మళ్ళీ పెట్టేద్దువుగాని అమ్మా, ఏం కాదు," అన్నాడు అబ్బాయి.

"నీ ల్యాప్‌టాప్ అయితే తీసుకో. నేను తియ్యను."

మనవరాలు వెంటనే అందుకుంది. "నానమ్మా, సో నా మ్యాథ్ బుక్ కూడా నో టచింగ్, రైట్? వెడ్నెస్‌డే వరకు?"

"రైటే."

"ప్రామిస్?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మూడు రోజులూ నేను కూర్చున్న చోట కూర్చోలేదు. వెళ్ళి అల్మారా తలుపు తియ్యడం, నా పేరు చూడడం, తలుపు వెయ్యడం. యాభై ఏళ్ళు కడుపులో పెట్టుకున్న మాటను, పేరు కనిపించాలన్న ముచ్చట బయటికి లాగింది. పోనీ నేను అడక్కుండా ఉండాల్సింది. పోనీ అడిగిన తర్వాత నా ముఖం మామూలుగా పెట్టుకోవాల్సింది. పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశాను. పార్సిల్ ఎక్కడుందో కంప్యూటర్లో కనిపిస్తుందని తెలిశాక, గంటకోసారి మేడ మెట్లెక్కి కోడలి తలుపు తట్టేదాన్ని. చివరికి అది విసుక్కోకుండా నాకే నేర్పింది.

"ఇగో, ఈ గుండ్రటి బాణం నొక్కితే కొత్త స్టేటస్ వస్తది. నొక్కుతనే ఉండకండి మళ్ళ, నొక్కినంత మాత్రాన బండి ఆగదు."

ఆదివారం కదల్లేదు. సోమవారం సౌత్ కరోలినా అని చూపించింది. ఆ రెండు రోజుల్లో చెల్లికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి చలిమిడి గురించి మాట్లాడాను, ఒకసారి మోకాళ్ళ నొప్పి గురించి. మూడోసారి ఏమీ తోచక, "ఏం కూర?" అన్నాను.

"పొద్దున చెప్పానుగా అక్కయ్యా, దొండకాయ. నీకు గుర్తులేకపోవడమేమిటే, ఒంట్లో బాగానే ఉందా?" అంది.

మంగళవారం మధ్యాహ్నం అదే ఫోన్ చేసింది.

"నీ పుస్తకం వచ్చిందే అక్కయ్యా. గుమ్మంలో పడేసి పోయాడు."

"విప్పావా?"

"పెట్టె విప్పాను. పుస్తకం తెరవలేదు. సరాసరి అమ్మవారి ముందు పెట్టేశాను. నీ పేరు పక్కన భలే కనిపిస్తోంది. మా అబ్బాయికి చూపించాను, చూడరా మా అక్క అని."

దేశానికి ఆ చివరా ఈ చివరా రెండు పుస్తకాలు, రెండిటికీ పసుపు, రెండూ తెరవడానికి లేదు.

"రేపు ఉద్వాసన ఎన్నింటికి?"

"ఎనిమిదింటికల్లా కానిచ్చేసి, కాఫీ పెట్టుకుని నీ పుస్తకంతో కూర్చుంటా. ఏం?"

"ఊరికే."

వాళ్ళకి ఎనిమిదంటే మాకు అయిదు. నాలుగున్నరకే లేచి, స్నానం చేసి, తడిజుట్టుతోనే ఫోన్ చేశాను.

"ఇంత పెందలాళే ఏమిటక్కయ్యా? హారతి వెలిగిస్తున్నాను."

"వెలిగించకు, ఆగు. ఆ పుస్తకంలో నాన్న పోయిన రోజు ఉంది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"గ్లాసు కూడానా?"

"గ్లాసు కూడా. పేర్లు లేవు. ఎడమచెయ్యి ఉంది."

తర్వాత, "ఎందుకు రాశావే?" అంది.

"తీసెయ్యమన్నాను. నా పేరు కనిపించాలని మా కోడలు ప్రేమ కొద్దీ మళ్ళీ పెట్టింది."

"కోడలి మీద నెట్టకు. అది టైపు కొట్టింది. రాసింది నువ్వు."

తడిజుట్టులోంచి నీళ్ళు ఫోను మీద పడుతుంటే కొంగుతో తుడిచాను.

"అందరూ నీ జ్ఞాపకం గొప్ప, నీ జ్ఞాపకం గొప్ప అంటారు. మర్చిపోవడమని కూడా ఒకటుంటుందక్కయ్యా. అది నీకు చేతకాదు," అని ఫోన్ పెట్టేసింది.

ఆ పూట ఉద్వాసన చెప్పి పుస్తకం తీశాను. ఆ ఎనిమిది పేజీలూ నిలబడే చదివాను. అచ్చులో చూస్తే నా మాటలు నాకే గట్టిగా వినిపించాయి. మా కోడలు దూరం నుంచి చూస్తూ ఉంది. దగ్గరికి పిలిచి, నా నోటితో నేనే చెప్పాను, ఆ ఇల్లు మాదేనని. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకొక మాట చెప్తే అయిపోయేది కదత్తమ్మా అనుకుంటున్న, కానీ మీరెట్ల చెప్తరు," అంది. ఆ పిల్ల మంచితనం అలాంటిది, తిట్టడానికి కూడా వీలివ్వదు.

పదకొండు రోజులు చెల్లి ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే వాళ్ళబ్బాయి తీసి, "అమ్మ పడుకుంది పెద్దమ్మా," అనేవాడు. పగలు పన్నెండింటికి కూడా పడుకునే ఉండేది. వాడి గొంతు వినగానే, చదివాడా లేదా అని వెతుక్కునేదాన్ని. తెలిసేది కాదు. పార్సిల్ వెళ్ళిపోయినా ఆ గుండ్రటి బాణం అలవాటు పోలేదు, ఊరికే నొక్కేదాన్ని. ఎప్పుడూ ఒకటే చెప్పేది, అందింది అని.

పన్నెండో రోజు తనే చేసింది. పలకరింపు లేదు.

"చదివాను. తప్పు రాశావు."

"ఏది తప్పు?"

"రేడియో. నేను రేడియో కోసం వెళ్ళలేదు."

"అక్కడే ఉన్నావు కదే. నేనే కదా లాక్కొచ్చాను."

"ఉన్నాను. నాన్న గొంతులోంచి ఒక చప్పుడు వచ్చేది, గుర్తుందా నీకు? నీకేం గుర్తుంటుంది, నువ్వు వంటింట్లో ఉన్నావు. నీళ్ళు పోస్తే పక్కకి కారిపోతున్నాయి, ఆ చప్పుడు ఇంకా ఎక్కువవుతోంది. నా నీళ్ళ వల్లే అలా అవుతోందనుకున్నాను. భయమేసి పారిపోయాను. రేడియో మోగుతుంటే ఆ చప్పుడు వినబడదని అక్కడ కూర్చున్నాను."

నాకు పదమూడేళ్ళప్పటి నుంచీ ఆ రోజు కళ్ళకు కట్టినట్టు ఉంది. పీట, గ్లాసు, జావ మీద కట్టిన మీగడ లాంటి పొర, అన్నీ ఉన్నాయి. అది పారిపోయిందన్నది లేదు. దాన్ని ఒక్కసారి కూడా అడగలేదు. దాచిపెడుతున్నానన్న గొప్పలో, దాచిందేమిటో కనుక్కోలేదు.

"తర్వాత ఎంతమందికి పోశానో," అంది. "అందరూ నా చేయి చల్లన అంటుంటే, ప్రతిసారీ పారిపోకుండా కూర్చోవాలని కూర్చునేదాన్ని. అదీ రాయలేదు నువ్వు."

"నాకు తెలియదే."

"ఇప్పుడు తెలిసిందిగా. రాస్తే సరిగ్గా రాయి. లేకపోతే తీసిపారెయ్యి. సగం మాత్రం ఉంచకు."

"పిల్లలు చదివితే?"

"పెద్దాడికి నేనే చెప్తాను. చెప్పేదాకా ఆగు." మళ్ళీ తనే అడిగింది, "ఇంతకీ ఎంతమంది కొన్నారేమిటి?"

"నీదొక్కటే. అదీ మా కోడలు కొన్నదే."

"దానికా ఇంత బెంగపడ్డావు," అని నవ్వింది. పన్నెండు రోజుల తర్వాత ఆ నవ్వు వింటూ మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ కథ మళ్ళీ మొదటి నుంచీ రాశాను. చెల్లి చెప్పిన చప్పుడు రాశాను, కారిపోయిన నీళ్ళు రాశాను, తర్వాత అది ఎవరెవరి మంచం పక్కన కూర్చుందో రాశాను. ఎనిమిది పేజీలు పదకొండయ్యాయి. మా కోడలు టైపు చేసి, ఫోన్ స్పీకర్ పెట్టి, చెల్లికి చదివి వినిపించింది. మధ్యలో చెల్లి రెండుసార్లు, "అది కాదమ్మా, మళ్ళీ చదువు," అని దిద్దించింది. నా జ్ఞాపకాన్ని ఒకరు దిద్దడం అదే మొదలు.

ఈసారి ప్రూఫ్ కాపీకి ముందు పసుపు రాయలేదు. నేనూ కోడలూ చెరొక కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాం.

"అప్రూవ్ కొట్టనా అత్తమ్మా?"

"ఆగు."

తెర మీద ఆ బటన్ అలాగే ఉంది. ఒక రోజంతా ఉంది. నేను కూర దగ్గర నుంచి, బట్టల దగ్గర నుంచి వచ్చి చూసిపోయేదాన్ని. మర్నాడు సాయంత్రం చెల్లి ఫోన్ వచ్చింది.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, అన్నం చల్లారిపోయేదాకా. కొట్టమను మీ కోడల్ని."

కొట్టింది.

ఆ పుస్తకాలు ఇప్పుడు మా ఇంట్లో రెండున్నాయి. కొత్తది హాల్లో అందరికీ కనిపించేలా నిలబెట్టింది మా కోడలు. మూలల్లో పసుపు మరకలున్న మొదటిది నా గదిలో ఉంది. దాన్ని మాత్రం వీపు గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.